ప్రెస్సు షెడ్డులో తీసిన సినిమా

మొగిలయ్య ఆ కథ చెప్పే ముందు చొక్కా విప్పేవాడు. ఎడమ భుజం మీద మొదలై వీపంతా అడ్డంగా పాకిన మచ్చను చూపించి, "గిది పోశయ్య కత్తి" అనేవాడు. తరువాత కుడిచేయి గాలిలోకి లేపి, ఒక్క వేటుగా దించి, "గిది నా తల్వారు" అనేవాడు. చాయ్ బండి చుట్టూ నిలబడ్డవాళ్లు ఎన్నిసార్లు విన్నా మళ్లీ వినేవారు.

నాచారం పారిశ్రామికవాడలో ఎప్పుడో మూతపడిన ఒక రేకుల ఫ్యాక్టరీకి మొగిలయ్య కాపలా. పెయింటు డబ్బాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ అది. నడిచే రోజుల్లో అతను అక్కడ కాపలావాడు కాదు, యజమాని మనిషి. సమ్మె అన్నవాణ్ని, జీతం పెంచమన్నవాణ్ని గేటు బయటే కొట్టేవాడు. కూలీల నాయకుడు పోశయ్య కుడిచేయి నరికింది తానేనని గొప్పగా చెప్పుకునేవాడు. అరవైకి దగ్గరపడ్డా మెడ ఎద్దు మెడలా ఉండేది.

ఆ కథ విన్నవాళ్లలో హృషికేశ్ ఒకడు. ఇప్పుడు హైదరాబాదులో రాక్ పాటలు వినేవాళ్లకు అతని గొంతు తెలుసు. 2009లో మాత్రం అతను తార్నాకలో ఒక ప్రైవేటు కాలేజీలో సినిమా కోర్సు చదువుతున్న పిల్లవాడు. వాళ్లది అమలాపురం వైపు. తండ్రి గోపాలరావు ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో టెక్నీషియను. హృషికేశ్ ఉప్పల్‌లోనే పుట్టి పెరిగాడు. ఇంట్లో గిటారు ఉండేది కానీ తలుపు వేసుకుని వాయించేవాడు. పాడటం మాత్రం ఎవరూ వినలేదు.

కోర్సు ఆఖర్లో ఒక్కొక్కరు ఒక చిన్న సినిమా తీసి ఇవ్వాలి. తోటివాళ్లు ప్రేమకథలు రాసుకుంటుంటే హృషికేశ్ మొగిలయ్య దగ్గరికి వెళ్లాడు.

"మీ కథ మీరే చేసి చూపిస్తారా? ఆ షెడ్డులోనే తీస్తాను."

మొగిలయ్య మీసం మీద వేలు పెట్టుకుని నవ్వాడు. "జూపిస్త. కాని కరెక్టుగ తియ్యాలె తమ్మీ. మొకామొకి కొట్లాట. వాని చేతిల కత్తి, నా చేతిల తల్వారు. నడుమల ఎవ్వలు రాలె. గట్ల తియ్యి."

"పోశయ్య గారు ఇప్పుడు ఉన్నారా?"

"పీర్జాదిగూడల ఉన్నడంటరు. రమ్మను. నాకేం భయం? వాని ముంగటనే జూపిస్త."

అతను అంత ధీమాగా అన్నాడు కాబట్టే హృషికేశ్ పోశయ్యను వెతుక్కుంటూ వెళ్లాడు. పీర్జాదిగూడలో కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్ల వెనక రెండు గదుల ఇల్లు. కూతురు తారామణి గుమ్మం పక్కన కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పగలు నాచారంలో బట్టల కంపెనీలో పని, సెలవు రోజు ఇంట్లో జాకెట్లు కుట్టడం. పోశయ్య బక్కపలచని మనిషి. కుడిచేయి మణికట్టుకు పైనే ఆగిపోయింది. కొస గుండ్రంగా, నున్నగా ఉంది.

హృషికేశ్ చెప్పిందంతా విన్నాక పోశయ్య, "తల్వారుతోటి నరికిన అన్నడా?" అని అడిగాడు.

"అవునండి."

"మొకామొకి అన్నడా?"

"అలాగే చెప్పాడు."

పోశయ్య మొండిచేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. తరువాత, "నేనొస్త" అన్నాడు.

తారామణి మిషను ఆపింది. "నువ్వు పోవద్దు నాయినా. వాడు మంచోడు గాదు. నాకు మిషన్ల పడ్డదని జెప్పినవ్. గాడేమో నరికిన అంటుండు. ఏది నిజమో నాకెందుకు, నువ్వైతే పోవద్దు."

"ఇన్నేండ్ల సంది వాడొక్కడే జెప్తుండు బిడ్డా. ఒక్కపారి నేను గూడ జెప్త."

ఆమె తండ్రి వైపు చూసి, సినిమావాడి వైపు చూసి, "గట్లయితె నేను గూడ వస్త" అంది.

ఆదివారం మధ్యాహ్నం షెడ్డు తెరిచారు. లోపల తుప్పు వాసన, పావురాల రెట్ట. మూలన, రేకును అదిమి మూతలు కోసే పాత పవర్ ప్రెస్సు అలాగే ఉంది. మనిషికన్నా ఎత్తు, పక్కన ఇనుప చక్రం, కింద కాలితో తొక్కే పెడల్. కరెంటు ఎప్పుడో తీసేశారు. హృషికేశ్ కాలేజీ కెమెరాను స్టాండు మీద పెట్టాడు. శబ్దం పట్టే పని గీతికది. మల్కాజిగిరి రైల్వే క్వార్టర్ల పిల్ల, అతని క్లాసే. చెవులకు హెడ్‌ఫోన్లు, భుజానికి రికార్డరు, చేతిలో పొడవాటి మైకు కర్ర.

మొగిలయ్య తలంటుకుని, మీసానికి రంగేసుకుని, తెల్లచొక్కాలో వచ్చాడు. చాయ్ బండి దగ్గరి నలుగురైదుగురు వెంట వచ్చారు. చెక్కతో చేసిన తల్వారుకు హృషికేశ్ వెండిరంగు వేయించాడు. దాన్ని తిప్పి చూసి మొగిలయ్య సంబరపడ్డాడు.

పోశయ్య, తారామణి వచ్చేసరికి అతను కెమెరా ముందు నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "మంచిగున్నవా?" అన్నాడు మొగిలయ్య, చుట్టాన్ని పలకరించినట్టు. పోశయ్య తల ఊపాడు.

కెమెరా తిరిగింది. మొగిలయ్య తల్వారు ఎత్తి, అరిచి, గాలిలో దించాడు. రెండోసారి ఇంకా బాగా చేశాడు. మూడోసారికి పోశయ్యను ఎదురుగా నిలబడమని హృషికేశ్ అడిగాడు.

పోశయ్య అతని ఎదురుగా నిలబడలేదు. నేరుగా ప్రెస్సు దగ్గరికి నడిచి, దాని బల్ల మీద తన మొండిచేయి పెట్టాడు.

"ఈడ" అన్నాడు.

హృషికేశ్ కెమెరాను అటు తిప్పాడు. గీతిక మైకు దగ్గరికి జరిపింది.

"తల్వారు లేదు, కత్తి లేదు. నన్ను ఆఫీసుల మాట్లాడుదమని పిలిసిన్రు. నలుగురు పట్టుకున్నరు. ఇద్దరు కాళ్లు, ఇద్దరు భుజాలు. చక్రం తిరుగుతుంది. నా చెయ్యి గీడ పెట్టిన్రు, మూతలు పెట్టే తాన." అతను మొగిలయ్య వైపు చూశాడు. "నువ్వు పెడల్ తొక్కినవ్. ఒక్కసారి గాదు. మొదాల వేళ్లే పోయినయ్. మల్ల తొక్కినవ్. యాక్సిడెంట్ అని రాసుకున్నరు. నేను గూడ సంతకం పెట్టిన, ఎడమ చేత్తోటి. ఇంట్ల చిన్నపిల్ల ఉండె."

తారామణి గోడ దగ్గర నిలబడి వింటోంది.

"ఇంకోటి" అన్నాడు పోశయ్య. "వీని ఈపు మీద మచ్చ నాది గాదు. కల్లు తాగి రేకుల కట్ట మీద పడ్డడు. దవాఖానకు ఎత్తుకపోయింది మేమే."

చాయ్ బండి మనుషుల్లో ఒకడు నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, ముక్కులోంచి వచ్చిన గాలి అంతే. మొగిలయ్య ఆ నవ్విన వాడి వైపు చూశాడు. తరువాత చెక్క తల్వారు కింద పడేసి, ప్రెస్సు దగ్గరికి వెళ్లి పోశయ్య చెంప మీద కొట్టాడు.

ఆ మొదటి దెబ్బను హృషికేశ్ నటన అనుకున్నాడు. అప్పటిదాకా మొగిలయ్య చేసింది అదే మరి. రెండో దెబ్బకు పోశయ్య తల ప్రెస్సు అంచుకు తగిలి, కనుబొమ చీలి, రక్తం కంట్లోకి కారింది. మొగిలయ్య అతన్ని కింద పడేసి డొక్కలో తన్నాడు. చెప్పులు ఊడిపోయాయి, ఉత్తి కాలితో తన్నాడు. పోశయ్య నోట్లోంచి ఊపిరి ఈలలా వచ్చింది.

"ఆపండి" అని అరుస్తూ హృషికేశ్ కెమెరా వదిలేసి పరుగెత్తాడు. వెనకనుంచి వెళ్లి మొగిలయ్య మెడను పట్టుకున్నాడు. మోచేయి వచ్చి మూతికి తగిలింది. కింది పెదవి చీలి పన్ను కదిలింది. మళ్లీ లేచి పట్టుకోబోతే మొగిలయ్య అతన్ని ఎత్తి కెమెరా స్టాండు మీద విసిరేశాడు. స్టాండు, కెమెరా, మనిషి కలిసి కింద పడ్డారు. చాయ్ బండి వాళ్లు అప్పటికే గేటు వైపు పరుగెత్తుతున్నారు.

మొగిలయ్య పోశయ్యను జుట్టు పట్టి లేపాడు. అతని ఎడమ చేతిని, మిగిలిన ఒక్క చేతిని, ప్రెస్సు బల్ల మీదికి లాగాడు. పక్కన పడి ఉన్న ఇనుప అచ్చు దిమ్మెను రెండో చేత్తో ఎత్తాడు.

"ఇదొక్కటి మిగిలింది గదరా" అన్నాడు. "ఇది గూడ మిషన్ల పడ్డదని జెప్పు."

తారామణి అతని చేతికి వేలాడింది. "ఇడువు మామా. కాళ్లు మొక్కుత, ఇడువు."

అతను విదిలించాడు. ఆమె రేకుల మీద పడి మళ్లీ లేచింది. అతని చొక్కా పట్టి గుంజింది. చొక్కా చిరిగి చేతిలోకి వచ్చింది. "మామా, ముసలోడు సచ్చిపోతడు. ఇడువు. నాయినను ఇడువు." దిమ్మె ఒకసారి దిగింది. పోశయ్య చెయ్యి గుంజుకోబోతే చిటికెన వేలి కొస నలిగిపోయింది. అప్పుడు అతను పెట్టిన కేకను హృషికేశ్ మనిషి కేక అనుకోలేదు.

దిమ్మె మళ్లీ పైకి లేచింది.

గోడకు ఆనించి ఉన్న గడ్డపార తారామణి చేతికొచ్చింది. "ఇడుస్తవా ఇడువవా" అంది. అతను ఇడవలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. దిమ్మె జారింది. మొగిలయ్య వెనక్కి తిరిగి, బూతు తిడుతూ, చేతులు చాపుకుని ఆమె మీదికి వచ్చాడు. రెండో దెబ్బ తల మీద పడింది. అతను ముందు మోకాళ్ల మీదికి, ఆ తరువాత బోర్లా పడ్డాడు. ఆ ఎద్దు మెడ పక్కకు తిరిగి, చెవిలోంచి నల్లగా రక్తం రేకుల మధ్యకు పారింది.

గీతిక మైకు కర్రను ఇంకా పైకి ఎత్తి పట్టుకునే ఉంది. చేతులు బిగుసుకుపోయి దాన్ని దించలేకపోయింది.

మొగిలయ్య సర్కారు దవాఖానాలో కొన్నాళ్లు తెలివి లేకుండా ఉండి చనిపోయాడు. తారామణి మీద హత్య కేసు పెట్టి జైలుకు పంపారు. పోశయ్యకు రెండు పక్కటెముకలు విరిగాయి. నలిగిన చిటికెన వేలు సగం తీసేశారు.

చాయ్ బండి మనుషులు తాము ఏమీ చూడలేదన్నారు. ఆ తండ్రీకూతుళ్లు కాక, ఆ రోజు షెడ్డులో జరిగింది చెప్పగలిగింది ఇక హృషికేశ్, గీతిక, కెమెరాలోని క్యాసెట్టు. ఆ రోజు మనుషుల్ని ఆటోల్లో వేసే గొడవలో కెమెరా హృషికేశ్ సంచిలోనే ఉండిపోయింది. దాన్ని తీసుకుని స్టేషనుకు రమ్మని కబురు వచ్చింది.

మొగిలయ్య మేనల్లుడు భూషణానికి కూడా ఆ సంగతి తెలిసింది. నాచారంలో ప్లాట్లు అమ్మించే మనిషి అతను. మామ పేరే అతని పెట్టుబడి. మామ కొడతాడంటేనే ఎదుటివాళ్లు స్థలాలు ఖాళీ చేసేవాళ్లు. ఆ మామను బట్టలు కుట్టే ఆడపిల్ల చంపిందన్న మాట కన్నా, నలుగురు పట్టుకుంటే తప్ప మామ ఎవరి చెయ్యీ తీయలేదన్న మాట అతనికి ఎక్కువ నష్టం.

ఉప్పల్ బస్టాపు దగ్గర హృషికేశ్ ఆటో కోసం నిలబడి ఉండగా ముగ్గురు వచ్చి అతన్ని పక్క సందులోకి తోసుకెళ్లారు. పొద్దున్నే దుకాణాలన్నీ తెరిచి ఉన్నాయి. చెరకురసం బండివాడు చూసి తల దించుకున్నాడు.

"క్యాసెట్ ఇయ్యి" అన్నాడు భూషణం.

"ఇవ్వను."

"నువ్వు ఆంధ్ర పోరనివి. మా లొల్లిల నీకేం పని? ఇడ్సిపెట్టి మీ ఊరికి పో."

"నేను పుట్టింది ఇక్కడే అన్నా."

ఆ మాటకు సమాధానంగా ఎడమ చెవి మీద అరచేయి పడింది. లోపల ఏదో చిట్లిన చప్పుడు, ఆ తరువాత సన్నటి మోత. అతను సంచిని పొట్టకు అదుముకుని ముడుచుకుపోయాడు. వీపు మీద, మెడ మీద, మళ్లీ అదే చెవి మీద తన్నారు. చివరికి వేళ్లను ఒక్కొక్కటే వెనక్కి వంచి సంచి లాక్కున్నారు. భూషణం కెమెరాను గోడకేసి కొట్టాడు. క్యాసెట్టు బయటికి తీసి, లోపలి రీలు మూరలు మూరలుగా లాగి, మురుగు మోరీలో పడేసి, చెప్పుకాలితో తొక్కాడు.

"ఇగ ఏం సినిమా తీస్తవో తియ్యి" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి చొక్కా ఎడమ వైపంతా రక్తం. తల్లి రత్నకుమారి తడిగుడ్డ తెచ్చింది. తండ్రి గోపాలరావు కుర్చీలోంచే మొదలుపెట్టాడు.

"చెప్పానా లేదా? మనకెందుకురా వాళ్ల తగాదాలు. చదువుకోరా అంటే రౌడీల చుట్టూ తిరిగావు. పోయింది కదా ఆ క్యాసెట్టు. ఇక ఊరుకో. నేను సెలవు పెట్టి మీ అమ్మనీ నిన్నూ మామయ్య గారింట్లో దింపుతాను."

"గీతిక దగ్గర శబ్దం ఉంది నాన్నా."

"ఏం శబ్దం?"

"షెడ్డులో జరిగిందంతా. రికార్డరు వేరే. వాళ్లకి అది తెలియదు."

"తెలియకపోతే తెలియనీకు. ఎవరికీ చెప్పకు."

హృషికేశ్ కుడిచెవి తండ్రి వైపు తిప్పాడు. ఎడమ వైపు మాట వినబడటం లేదని గోపాలరావుకు అప్పుడు అర్థమైంది. కొడుకు గడ్డం పట్టుకుని ముఖాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, ఎడమ చెవి దగ్గర చిటిక వేశాడు. మళ్లీ వేశాడు. హృషికేశ్ రెప్ప కదల్లేదు.

గోపాలరావు లోపలికి వెళ్లి ప్యాంటు వేసుకొచ్చాడు. "ఆ పిల్ల ఇల్లెక్కడ?" అన్నాడు. ముందు డాక్టరు దగ్గరికి, ఆ తరువాత మల్కాజిగిరికి, అక్కడినుంచి గీతికనూ ఆమె తండ్రినీ వెంటబెట్టుకుని అంబర్‌పేట్‌లో ఒక వకీలు ఇంటికి. వకీలు పట్టాభిరామయ్య ఆ రికార్డింగు మొత్తం కళ్లు మూసుకుని విన్నాడు. అయ్యాక, "తారామణి ఎన్నిసార్లు బతిమాలిందో విన్నారా? అది చాలు" అని, దాన్ని మర్నాడే స్టేషనులో అప్పగించి రసీదు తీసుకున్నాడు. ఒక నకలు గీతిక దగ్గర ఉంచి, తారామణి కేసు తానే తీసుకున్నాడు.

ఎడమ చెవికి వినికిడి మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు.

కొన్ని నెలలకు తారామణి బెయిలు మీద బయటికి వచ్చింది. బట్టల కంపెనీ ఆమెను పనిలోకి తీసుకోలేదు. హృషికేశ్, గీతిక పీర్జాదిగూడ వెళ్లారు. సినిమా ఇచ్చే గడువు దగ్గరికి వచ్చింది. బొమ్మ లేదు, శబ్దం ఉంది. నల్లటి తెర మీద ఆ శబ్దమే వినిపిస్తే చాలని హృషికేశ్‌కు అనిపించింది. కానీ అడగకుండా చేయలేకపోయాడు.

తారామణి సగం కుట్టిన జాకెట్టును ఒళ్లో పెట్టుకుని వింది.

"ఎవలకు వినిపిస్తవ్?"

"కాలేజీలో. తరువాత ఎవరైనా అడిగితే వేరే చోట్ల కూడా."

"మా నాయిన ఒర్రింది కోర్టుకిచ్చిన. నేను కాళ్లు మొక్కుత అన్నది గూడ కోర్టుకిచ్చిన. గది నా పానం కోసం. నీ సినిమాకు ఎందుకియ్యాలె? కుర్సీలల్ల కూసొని వింటరు. అయిపోయినంక చాయ్ తాగుతరు."

గీతిక తల వంచుకుంది. హృషికేశ్ "సరే అక్కా" అన్నాడు. లేచి గుమ్మం దాటాక పోశయ్య వెనకనుంచి పిలిచాడు.

"నేను జెప్పింది పెట్టుకో బిడ్డా. ప్రెస్సు తాన నిలవడి జెప్పింది. గది నాది, నేనిస్తున్న. దాని తర్వాతది వద్దు."

కాలేజీ రికార్డింగు గదిలో ఇద్దరూ కూర్చుని, పోశయ్య మాటలు అయిపోయిన చోటునుంచి మనుషుల గొంతులన్నీ తీసేశారు. కష్టమైన పని. గొంతు లేని ముక్కల్నే ఏరుకున్నారు. రేకుల చప్పుడు, కాళ్ల చప్పుడు, ఇనుము మీద ఇనుము, పావురాలు లేచిన రెక్కల చప్పుడు. మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు మిగిలాయి.

"ఇక్కడేం పెడదాం?" అంది గీతిక. "అరే, మ్యూజిక్ పెడితే దరిద్రంగా ఉంటది."

హృషికేశ్ అద్దం అవతలి గదిలోకి వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు. ఏం చేయబోతున్నాడో అతనికే సరిగా తెలియదు. "రికార్డు పెట్టు" అన్నాడు. నోరు తెరిచాడు. మొదట గాలి వచ్చింది. తరువాత కడుపులోంచి ఒక అరుపు లేచి, గొంతులో గీరుకుంటూ, పైకి వెళ్లి చీలి, కిందికి దిగింది. ఊపిరి పట్టి మళ్లీ అరిచాడు. ఈసారి దానికి ఒక పట్టు దొరికింది, పడుతూ లేస్తూ సాగింది. మానిన పెదవి మళ్లీ పగిలి మైకు జాలీ మీద రక్తం చుక్కలు పడ్డాయి. మోకాళ్ల మీదికి దిగిపోయే దాకా అరిచాడు. సందులో వాళ్లు తన్నుతున్నప్పుడు కూడా అతని నోటినుంచి చప్పుడు రాలేదు. అదంతా ఇప్పుడు వచ్చింది.

గీతిక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, చాలాసేపటి వరకు వాటిని మళ్లీ పెట్టుకోలేదు.

సినిమా చూడటానికి సెమినార్ హాల్లో కొద్దిమందే వచ్చారు. నల్లటి తెర. పోశయ్య గొంతు. తరువాత ఆ అరుపు, ఇనుము, రేకులు. ముందు వరసలో ఒక అమ్మాయి లేచి బయటికి వెళ్లిపోయింది. ముగిశాక ఒక లెక్చరరు, "ఇందులో సినిమా ఎక్కడుంది?" అని అడిగాడు. హృషికేశ్‌కు పాసు మార్కులు వేశారు.

అందరూ పోయాక వెనక వరసలోంచి ఒకతను దిగి వచ్చాడు. పేరు జగన్మోహన్, రామంతాపూర్. పెళ్లి బ్యాండులో డ్రమ్ములు కొట్టేవాడు. స్నేహితుడి సినిమా చూడ్డానికి వచ్చి ఇది చూశాడు.

"గట్ల ఒర్రింది ఎవరు, అన్నా?"

"నేనే."

"ఎవరి దగ్గర నేర్చుకున్నవ్?"

"ఎక్కడా నేర్చుకోలేదు."

"మళ్లొకసారి ఒర్రుతవా? నేను కింద డ్రమ్ము కొడ్త" అన్నాడు జగన్మోహన్.

అలా మొదలైంది. జగన్మోహన్ వాళ్ల మేడ మీద రేకుల గదిలో సాధన చేసేవారు. హృషికేశ్ వినిపించే చెవిని డ్రమ్ముల వైపు పెట్టుకుని నిలబడి, గిటారు పట్టుకుని, తెలుగులోనే పాటలు కట్టి పాడేవాడు. చుట్టుపక్కలవాళ్లు వచ్చి తిట్టిపోయేవారు. ఒకసారి రాళ్లు కూడా వేశారు.

కేసు 2012లో విచారణకు వచ్చింది. ఎల్.బి.నగర్ కోర్టు. భూషణం రోజూ వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. హృషికేశ్ సాక్ష్యం చెబుతుంటే తన ఎడమ చెవి పక్కన చిటికెలు వేసి వెక్కిరించేవాడు, హృషికేశ్‌కు వినపడని చెవి అది. గీతిక చూసి పట్టాభిరామయ్యకు చెప్పింది, ఆయన జడ్జికి చెప్పాడు. ఆ తరువాత అతన్ని లోపలికి రానివ్వలేదు.

రికార్డింగు వినిపించిన రోజు తారామణి రెండు చేతులతో బోను కర్ర పట్టుకుని నిలబడింది. కోర్టు హాల్లో తన గొంతే వినిపించింది. ఇడువు మామా. కాళ్లు మొక్కుత. ఇడువు. తండ్రి కేక వచ్చినప్పుడు కూడా ఆమె కూర్చోలేదు. రెండు దెబ్బలూ వినిపించాయి. వాటి మధ్య మొగిలయ్య ఆమె మీదికి వస్తూ అన్న బూతు కూడా స్పష్టంగా వినిపించింది. ప్రభుత్వ వకీలు రెండో దెబ్బ అవసరమా అని అడిగాడు. పట్టాభిరామయ్య లేచి, ఆ బూతు ఉన్న చోటు మళ్లీ వేయించి కూర్చున్నాడు.

తండ్రి ప్రాణం, తన ప్రాణం కాపాడుకోవడానికే కొట్టిందని కోర్టు ఆమెను వదిలేసింది.

మెట్ల దగ్గర భూషణం కాచుకుని ఉన్నాడు. వెంట ఇద్దరున్నారు. "కోర్టు ఇడిసిపెడితే అయిపోయిందా? మా మామను సంపినవ్" అన్నాడు.

హృషికేశ్ ముందుకు రాబోతే తారామణి చేయి అడ్డం పెట్టింది.

"సంపిన" అంది. "రోజు యాదికొస్తది. నీకు పగ ఉంటె ఈడనే తీర్సుకో, ఇంతమంది ఉన్నరు. లేకుంటె తొవ్వ ఇయ్యి. మా నాయిన నిలవడలేడు."

భూషణం చేయి లేచింది. మెట్ల మీద వకీళ్లు, కానిస్టేబుళ్లు, కేసులకొచ్చిన జనం అటు తిరిగి చూస్తున్నారు. మామ లేడు, మామ కథ కూడా ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఉంది. ఎత్తిన చేతిని అతను తన జుట్టులోకి పోనిచ్చి, పక్కకు జరిగాడు. ఆ తరువాత నాచారంలో అతని మాటకు ఎవరూ స్థలం ఖాళీ చేయలేదని అంటారు.

2014 నాటికి హృషికేశ్ బృందాన్ని కాలేజీల వాళ్లు పిలవడం మొదలుపెట్టారు. రాష్ట్రం ఏర్పడిన ఆ వేసవిలో ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీ మైదానంలో పాడి వస్తూ, మర్నాడు పొద్దున అతను పీర్జాదిగూడలో దిగాడు. గొంతు బొంగురుపోయి ఉంది. పోశయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆయాసం ఎక్కువైంది.

"పాటలు పాడుతవంట గద బిడ్డా. మాకు ఎప్పుడు వినిపించకపోతివి."

"మీరు వినే పాటలు కావు పెద్దయ్యా. అంతా అరుపులే."

"నేను విననిదా?" అన్నాడు పోశయ్య.

హృషికేశ్ తారామణి వైపు చూశాడు. ఆమె మిషను మీద ఒక స్కూలు యూనిఫాం కుడుతోంది. తల ఎత్తలేదు. "పాడు మరి, నాయిన అడుగుతుండు గద" అంది.

అతను మంచం కోడు దగ్గర నేల మీద కూర్చుని, అరవకుండా, ఆ బొంగురు గొంతుతోనే మెల్లగా పాడాడు. షెడ్డుల మీద ఎండ గురించిన పాట అది. రెండో చరణంలో గొంతు తెగి ఆగిపోయాడు. తారామణి లేచి చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను తాగేదాకా నిలబడింది. తరువాత వెళ్లి కూర్చుని, సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆన్నుంచి పాడు, ఆపిన కాడినుంచి" అంది.